పటిక చూడని నాచు

గురువారం పొద్దున్న లెక్కపెడితే అరవై నాలుగు. శుక్రవారం పొద్దున్నకి యాభై రెండు.

యమున వేలు అద్దానికి ఆనించి మళ్ళీ లెక్కపెట్టింది. చేపపిల్లలు ఒకచోట నిలవవు. చింతగింజంత ఒళ్ళు, పైనా కిందా దారప్పోగుల్లాంటి రెక్కలు. ఒకదాని వెనక ఒకటి నక్కితే లెక్క చెదిరిపోతుంది. అందుకని చిటికెడు మేత ఒక మూల వేసి, అన్నీ అక్కడికి చేరాక అయిదేసి చొప్పున కళ్ళతోనే విడదీసుకోవాలి. మూడోసారి కూడా యాభై రెండే.

చచ్చి ఉంటే అడుగున కనపడాలి. గాజుపుల్లతో ఇసక కదిపి చూసింది. ఒక్క శవం లేదు. తొట్టె మీద మూత బిగించే ఉంది, ఎగిరి బయటపడే వీలు లేదు. మూతవేసిన తొట్టెలోంచి ఒక్క రోజులో పన్నెండు చేపలు మాయమయ్యాయి.

"ఏటే, అలగ సూస్తన్నావు? అద్దం తినేస్తావేటి?"

దేముడమ్మ గుమ్మం తుడవడం ముగించి చీపురు మూలన పెట్టింది. యాభై దాటిన మనిషి. దుకాణం రెండో తాళంచెవి ఆవిడ కొంగుముడిలో ఉంటుంది. తెల్లారి ఆరింటికే వచ్చి తలుపు తీసి, ఊడ్చి, తుడిచి, యమున దిగే రైలు వచ్చే వేళకి పని ముగిస్తుంది. పోతూ పోతూ పెరటి గుమ్మం దగ్గర ఉన్న డబ్బా చంకనెత్తుకుంటుంది. ముందు రోజు సాయంత్రం తొట్టెల అడుగునుంచి యమున తోడిన మురికినీళ్ళు అవి. చేపల నీళ్ళకి వంగమొక్కలు బాగా కాస్తాయని దేముడమ్మ నమ్మకం.

"పన్నెండు తగ్గినాయి అత్తా."

"తల్లి తినేసుంటాది."

"తల్లి వేరే తొట్టెలో ఉన్నాది కదా."

"మరేటి?" అని దేముడమ్మ కూడా ఒంగి చూసింది. చూసినా ఆవిడకి అన్నీ ఒకలాగే కనపడ్డాయి. "సర్లే. మంగళవారం సంబరం, నువ్వు రావాల. అమ్మవారి ఘటం ఈ ఏడూ నానే ఎత్తుతన్నాను. పద్దెనిమిదేళ్ళ బట్టీ ఎత్తుతన్నాను, తెల్సా? అందరికీ ఇవ్వరు. సెయ్యి మంచిదవ్వాల, నోరు మంచిదవ్వాల."

"నీ నోరు మంచిదని ఎవరన్నారు?"

"నీ అమ్మా కడుపు సల్లగా," అని నవ్వి, డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయింది.

విశాలి తొమ్మిదింటికి వచ్చింది. చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో ఈ రంగుచేపల దుకాణం ఆవిడదే. మేష్టార్ల ఇంట పుట్టిన మనిషి, ఏ పనైనా పద్ధతిగా చేస్తుంది. ఏంజెల్ చేపల జంట మూడుసార్లు గుడ్లు పెట్టి మూడుసార్లూ తామే తినేస్తే, నాలుగోసారి గుడ్లున్న ఆకును కోసి వేరే తొట్టెలో వేసి, అయిదు వారాలు దగ్గరుండి మేపించింది. వచ్చే నెల విజయనగరంలో ప్రదర్శన. అక్కడ పెట్టడానికని బుధవారమే ఆ తొట్టెలో పచ్చటి నాచు నాటించి, ఫోటోలు తీసి, చుట్టాలందరికీ పంపింది.

"ఎన్ని?"

"యాభై రెండు మేడం."

విశాలి తనే రెండుసార్లు లెక్కపెట్టింది. తర్వాత తలెత్తి గుమ్మం వైపు చూసింది. పోయిన అమావాస్యకి నల్లగుడ్డలో చుట్టి వేలాడదీసిన పటికరాయి అక్కడ గాలికి ఊగుతోంది.

"దిష్టి అనుకోవడానికి కూడా లేదు. పటిక కట్టాను కదా," అంది. మళ్ళీ తొట్టె వైపు తిరిగి, "రాత్రి తాళం వేసింది నేను. పొద్దున్న తీసింది ఎవరు?" అంది.

ఆ ప్రశ్న జవాబు కోసం వేసింది కాదు.

ఆ సాయంత్రం రైలు వేళ మారి పావుగంట ముందే వస్తోందని సెల్‌షాపు ధర్మేంద్ర కేకేశాడు. యమున ఇంకా ఆఖరి తొట్టె, పిల్లలున్నది, మురికి తోడుతోంది. రబ్బరు పైపు ఒక కొస తొట్టెలో, రెండో కొస డబ్బాలో. పిల్లలు పైపులోకి జారకుండా తొట్టెలో ఉండే కొసకి పలుచటి గుడ్డ కట్టి తోడాలి. తడిసిన గుడ్డ పిండి ఆరేసి ఉంది. మళ్ళీ తెచ్చి కట్టేంత వ్యవధి లేదు. అలాగే తోడేసి, డబ్బా పెరటి గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషనుకి పరుగెత్తింది.

శనివారం ఆమె రైలు దిగి వచ్చేసరికి దుకాణం ముందు పదిమంది ఉన్నారు.

విశాలి మెట్టు మీద నిలబడి ఉంది. ఆ వేళకి ఆవిడ ఎప్పుడూ రాదు. కింద రోడ్డు మీద దేముడమ్మ, చంకలో డబ్బా. పక్క దుకాణం ముందు ధర్మేంద్ర ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు.

"నలభై మూడు," అంది విశాలి, యమునని చూసి. "ఆరున్నరకి వచ్చి నేనే లెక్కపెట్టాను. నలభై మూడు." తర్వాత దేముడమ్మ వైపు తిరిగింది. "డబ్బాలో ఏముంది?"

"రోజూ ఉన్నవే అమ్మా. నీళ్ళు. వంగమొక్కలకి."

"పొయ్యి."

"ఇక్కడా? రోడ్డు మీదా?"

"ఇక్కడే పొయ్యి. అందరూ చూస్తారు. నీళ్ళే అయితే నీకే మంచిది కదా."

దేముడమ్మ చుట్టూ చూసింది. టీ కొట్టువాడు గిన్నె కడగడం ఆపాడు. ఆవిడ డబ్బా దింపి, రెండు చేతులా పట్టుకుని, తొందర లేకుండా వంచింది. పచ్చగా మురికినీళ్ళు దుమ్ములో పాయలై కాలవ వైపు పారాయి. సగం అయింది. ముప్పాతిక అయింది. ఎవరో "నీళ్ళే రా" అన్నారు. డబ్బా అడుగున మిగిలిన చివరి గ్లాసుడు నీళ్ళతో పాటు ఏదో తళుక్కుమని జారి, సిమెంటు పలక మీద పడి టపటప కొట్టుకుంది.

చింతగింజంత ఒళ్ళు. దారప్పోగుల్లాంటి రెక్కలు.

ముందుగా కదిలింది దేముడమ్మే. మోకాళ్ళ మీద కూలబడి, తడి అరచేతిలోకి ఆ చేపను తోసుకుంటూ, "నీళ్ళు, బేగి నీళ్ళు తెండి, సచ్చిపోతాది," అంది. ఎవరూ తేలేదు. ఆవిడ డబ్బా అడుగున ఉన్న తడిని చేతిలోకి వంచుకుంది. అది సరిపోలేదు.

"ఇదెలా వచ్చింది?" అంది విశాలి. కోపం కన్నా ఏడుపే ఎక్కువ ఆ గొంతులో.

"నాకు తెల్దమ్మా."

"యమునా. డబ్బా నింపింది నువ్వు. నువ్వు నింపినప్పుడు ఇందులో చేప ఉందా?"

యమునకి ఆ క్షణంలో కనపడింది తీగమీద ఆరేసిన గుడ్డ. రెండు నెలల కిందట ధనలక్ష్మి అనే పిల్ల నీళ్ళు వేడిచేసే కడ్డీ ఆపడం మరిచిపోతే, సంజాయిషీ కూడా వినకుండా ఆ పూటే పంపించేశారు. ఆ పని ఖాళీ అయితేనే యమున వచ్చింది.

"నేను చూళ్ళేదు మేడం," అంది.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. దేముడమ్మ తలెత్తి ఆమె వైపు చూసింది. ఎంతోసేపు కాదు, ఒక్క రెప్పపాటు. తర్వాత లేచి, కొంగుముడి విప్పి, తాళంచెవి తీసి మెట్టు మీద పెట్టింది. చేపను దాని పక్కనే పెట్టింది. డబ్బా అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయింది.

ధర్మేంద్ర ఫోన్ దింపి, "వచ్చింది, వీడియో పూర్తిగా వచ్చింది," అన్నాడు.

ఆదివారం ముప్పై అయిదు. తాళంచెవులు రెండూ విశాలి దగ్గరే ఉన్నాయి. శనివారం కంగారులో లెక్క తప్పి ఉంటుందని ఆవిడ అంది. సోమవారం పొద్దున్నకి ఇరవై ఏడు. విశాలి ఎవరి మీదో ఫోన్‌లో అరవడానికి బయటికి వెళ్ళింది.

యమున స్టూలు లాక్కుని తొట్టె ముందు కూర్చుంది. ఊడవలేదు, తుడవలేదు, మేత వెయ్యలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

జానెడు నాచు పోగులు నీళ్ళలో నిలువుగా ఊగుతున్నాయి. చేపపిల్లలు వాటి మధ్యనుంచి దూరి ఇటు వస్తున్నాయి, అటు పోతున్నాయి. పావుగంట గడిచింది. ఒక పిల్ల ఓ ఆకు కిందనుంచి వెళ్తోంది. ఆకుకి అంటుకున్న మట్టిపెళ్ళ ఒకటి కదిలింది.

మట్టిపెళ్ళ కాదు. అగ్గిపుల్లలో సగం ఉంటుంది. ఆరు కాళ్ళు. తలకి రెండు పక్కలా ఉబికిన కళ్ళు. దాని దవడ కిందనుంచి, మడిచి దాచుకున్న చెయ్యి లాంటిది ఒకటి చాచుకుని వచ్చి, చేపని పట్టుకుని, మళ్ళీ మడుచుకుంది. రెప్ప వేసి ఉంటే యమునకి తెలిసేది కాదు. చేప తోక కొట్టుకుంటూనే ఉంది. పురుగు నెమ్మదిగా, ఆకు కదలకుండా, కడుపు దగ్గర మొదలుపెట్టింది. అరగంటలో తోక కూడా లేదు. ముల్లు కూడా లేదు. పురుగు మళ్ళీ మట్టిపెళ్ళ అయిపోయింది.

యమున నాచంతా పీకి, తెల్లటి టబ్బులో వేసి దులిపింది. అయిదు పురుగులు తేలాయి. తూనీగ పిల్లలు. పొలంగట్ల మీద పెరిగిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. రెక్కలు రాకముందు తూనీగ నీళ్ళలోనే బతుకుతుంది, నీళ్ళలో కదిలేదాన్నల్లా తింటుంది.

బుధవారం నాచు మూట సైకిలు మీంచి దింపుతూ, చెరువుల్లోంచి నాచు తెచ్చి అమ్మే జోగయ్య చెప్పనే చెప్పాడు. "కొత్త సెరువు నాచిది. పురుగుంటాది అమ్మీ. పటికలో బాగా ముంచు." ఎప్పుడూ చేసే పనే. పటిక నీళ్ళలో గంటసేపు నానబెడితే పురుగులు ఆకులు వదిలేసి అడుక్కి రాలిపోతాయి. తర్వాత మూడుసార్లు మంచినీళ్ళలో జాడించాలి. ఆరోజు పటిక డబ్బా తీస్తే ఖాళీ. ఉన్న ఒక్క రాయీ అమావాస్యనాడు గుమ్మానికెక్కింది. దిష్టికి కట్టిన పటికని మళ్ళీ అమావాస్య దాకా ముట్టకూడదు, ముట్టినవాళ్ళకి ఆ దిష్టి చుట్టుకుంటుందంటారు. అప్పటికే విశాలి ఫోటో కోసం తొందరపెడుతోంది. యమున నాచుని పంపు కింద పెట్టి జాడించి, నాటేసింది. చేపల్ని కాపాడాలని కట్టిన రాయి గుమ్మంలో ఊగుతూనే ఉంది.

విశాలి లోపలికి వచ్చాక యమున పురుగులు పట్టి వేసిన సీసా చూపించింది. అన్నీ చెప్పింది. నాచు సంగతీ చెప్పింది, పైపు గుడ్డ సంగతీ చెప్పింది. చెబుతున్నంతసేపూ చెప్పుల కేసి చూస్తూ చెప్పింది.

విశాలి సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. మొహంలో రంగు పోయింది. "అయ్యో," అంది. నిజంగానే అంది. కుర్చీలో కూర్చుని సీసా మూత బిగించింది.

"దేముడమ్మకి కబురు పంపు," అంది చివరికి. "ఏమీ జరగనట్టు రేపటినుంచి వచ్చేయమను. నేనేమీ అనుకోను. నిన్ను కూడా ఏమీ అనను. కాని ఈ పురుగు సంగతి బయటికి పోకూడదు. మన దగ్గర నాచుతో పురుగులొస్తాయని తెలిస్తే ఎవరు కొంటారు? అర్థమైందా?"

"ఆవిణ్ణి రోడ్డు మీద కదా అన్నారు మేడం."

"అందుకే చెబుతున్నాను. లోపల సర్దుకుందాం."

సాయంత్రం స్టేషనుకి వెళ్తుంటే ధర్మేంద్ర పిలిచాడు. "యమునా, మీ దేముడమ్మ వీడియో వాళ్ళ వీధి గ్రూపులోకి ఎల్లిపోయినాది. నాను పెట్టలేదు, ఒట్టు. మా బావకి పంపినాను, అంతే. రేపు సంబరంలో ఘటం ఆవిడికి ఇవ్వడం లేదంట. మరిడమ్మకంట."

మంగళవారం యమున దుకాణానికి వెళ్ళింది. సీసాలో ఒక పురుగును ఉంచుకుంది. ప్లాస్టిక్ సంచీలో నీళ్ళు పోసి ఒక చేపపిల్లను పట్టుకుంది. విశాలి చూసింది. "ఎక్కడికి?" అని అడిగింది.

"సంబరానికి మేడం."

"ఆలోచించుకో," అంది విశాలి.

దేముడమ్మ వాళ్ళ వీధి ఊరి చివర, చెరకు బళ్ళు పోయే తోవ పక్కన. తాటాకు పందిట్లో పసుపు రాసిన ఘటాలు వరసగా ఉన్నాయి. డప్పులవాళ్ళు మంట వేసి తోలు కాచుకుంటున్నారు. సంబరం పెద్ద జగన్నాధం మడతకుర్చీలో కూర్చుని వేపమండలు ఎవరెవరికి ఎన్నో చెబుతున్నాడు. యమున వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"దేముడమ్మత్త సేప తియ్యలేదు," అంది. "ఇదిగో, ఇది తిన్నాది."

జగన్నాధం సీసా అందుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. నలుగురు మూగారు.

"ఇదేటి, తూనీగ పిల్ల కదా?"

"అవును మావా. ఇదే తిన్నాది."

"ఇదా? సేపనా?" ఒకడు నవ్వాడు. "నా సిన్నప్పుడు వీటిని లెక్కలేనన్ని పట్టినాను. నా వేలు తిన్లేదే."

"నీ వేలు ఎవులు తింటారురా," అంది ఒక ముసలమ్మ. అందరూ నవ్వారు.

యమున సంచీ మూతి విప్పింది. చేపపిల్ల ఆమె చేతి నీడకి బెదిరి ఓ మూలకి పోయింది. అయిదు వారాలుగా మేత వేసిన చెయ్యి అది. సంచీని సీసాలోకి వంచింది.

చూడ్డానికి పిల్లలు కూడా తలలు దూర్చారు. చేప గాజు వెంట ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో పురుగు దవడ చాచింది. "ఓలమ్మ," అని ఎవరో వెనక్కి జరిగారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. తోక కొట్టుకోవడం ఆగేదాకా జగన్నాధం సీసాని దింపలేదు.

"మరి డబ్బాలో సేపో?" అన్నాడు మెల్లిగా.

"పైపుకి గుడ్డ కట్టలేదు. నానే. నాచుని పటికలో ముంచకుండా పెట్టిందీ నానే. ఆవిడికేటీ తెల్దు."

ఎవరో ఫోన్ ఎత్తారు. యమున మొహం తిప్పుకోలేదు.

జగన్నాధం లేచాడు. ఘటాల్లో మొదటిదాన్ని, అన్నిటికన్నా పెద్దదాన్ని, రెండు చేతులా ఎత్తుకుని ఆయనే బయల్దేరాడు. వెనక అందరూ కదిలారు. నాలుగిళ్ళ అవతల దేముడమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలస్నానం చేసి ఉంది. ఇంత మంది వస్తుంటే చేట పక్కన పెట్టింది గాని లేవలేదు.

"దేముడమ్మా," అన్నాడు జగన్నాధం. "తప్పయిపోనాది. ఈ పిల్ల పురుగుని తెచ్చి సూపించినాది. మా కళ్ళతో సూసినాము. నువ్వేటీ తియ్యలేదు. లే. ఘటం నీదే."

దేముడమ్మ ఘటం వంక చూసింది. పసుపు ఇంకా తడిగానే ఉంది.

"పురుగేదీ?" అంది.

సీసా అందించారు. కళ్ళ దగ్గర పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"దీన్ని ఎంతసేపు సూసినారు బావా?"

"ఎంతసేపేటి? సిటికెలో తెలిసిపోనాది."

"సిటికెలో," అంది దేముడమ్మ. "నన్ను ఈ వీధిలో ముప్పై ఏళ్ళ బట్టీ సూస్తన్నారు. దీన్ని సిటికె సేపు సూసి నమ్మినారు." గొంతు పెంచలేదు. "ఘటం మరిడమ్మ ఎత్తుతాది. దానికి నిన్ననే సెప్పేసినారు. పాపం అది కూడా ఉపాసం ఉన్నాది. బేగి ఎల్లండి, ఏళవుతాది."

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు బతిమాలారు. మరిడమ్మే వచ్చి, "అప్పా, నాకొద్దు, నువ్వే ఎత్తు," అని చెయ్యి పట్టుకుంది. దేముడమ్మ ఆమె నుదుట బొట్టు సరిచేసి పంపించేసింది. జగన్నాధం ఘటం ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్ళిపోయారు. యమున ఒక్కతే మిగిలింది.

"అత్తా," అంది.

దేముడమ్మ లోపలికి పోయింది. రమ్మనలేదు, వద్దనలేదు. యమున గుమ్మం దాటి, గోడకి ఆనుకుని నిలబడింది.

"డబ్బాలోకి సేప ఎలగొచ్చినాదో నీకు ఆరోజే తెల్సు కదే?"

దుకాణం ముందు చెప్పిన జవాబు లాంటిది ఈసారి ఆమె నోటికి రాలేదు. "తెల్సు," అంది.

"ఊఁ."

దూరంగా డప్పు మొదలైంది. ఘటం లేచినట్టుంది. ఆ చప్పుడు వీధి మొదట్లోకి వచ్చి, పెద్దదై, గుమ్మం ముందునుంచి వెళ్తుంటే ఇంట్లో గిన్నెలు కూడా అదిరాయి. దేముడమ్మ బయటికి చూడలేదు. కుండ మూత తీసి, గరిటెతో కలిపి, చోడి అంబలి రెండు గిన్నెల్లో పోసింది. తెల్లారినప్పట్నుంచి పచ్చి నీళ్ళు కూడా ముట్టలేదు. ఘటం ఎవరు ఎత్తినా, ఎత్తేదాకా ఉండాల్సిన ఉపవాసం ఆవిడ ఉంది.

ఒక గిన్నె యమున ముందు పెట్టింది. పక్కన ఒక ఉల్లిపాయ పెట్టింది.

"కూకో. తాగు. నువ్వూ ఏటీ తిని ఉండవు."

యమున కూర్చుంది. డప్పులు చెరకుతోట వైపు మళ్ళిపోయాయి. దేముడమ్మ గిన్నె ఎత్తి ఆపకుండా తాగేసింది. తర్వాత గోడకేసి చూస్తూ, మూతి తుడుచుకోకుండా అలాగే కూర్చుంది. యమున రెండు గుక్కలు తాగింది. మూడోదానికి ఎత్తిన గిన్నె కింద పెట్టేసింది.

"తాగు," అంది దేముడమ్మ, ఆమె వైపు తిరగకుండానే. "ఒంపెయ్యకు."